షుగర్ డాక్టర్ కడుపుమంట

కడుపులో మంటకు మాత్ర ఉంది. కడుపుమంటకు లేదు. ఉంటే ఇన్నేళ్ళలో మొదటి డోసు నేనే వేసుకునేదాన్ని.

సూరత్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి షుగర్ వైద్యం చేసి ఈమధ్యే మానేశాను. మన తెలుగు పిల్లలు కొందరు ఎం.డి. పూర్తిచేసి కొత్తగా ఈ ఊరు వచ్చారు. మొన్న ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, "మేడం, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ప్రమోషన్ల గురించి రాయను. సన్మానాల గురించి అసలే రాయను, కప్పిన శాలువాలు బీరువాలో ఉన్నాయి, ఉండనీ. నేను రాయగలిగింది నా ఈర్ష్య గురించి. ఈ వృత్తి గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ ఈర్ష్య పుణ్యమే.

ముందే చెబుతున్నాను, మీ మీద కూడా నాకు ఈర్ష్యే. కాఫీ ఇచ్చాను కదా అని వేరేగా అనుకోకండి.

మిఠాయి డబ్బాలు

గుండె డాక్టరు దగ్గరికి వచ్చినవాడు దండం పెడతాడు. షుగర్ డాక్టరు దగ్గరికి వచ్చినవాడు అబద్ధం చెబుతాడు. "తీపి ముట్టలేదు మేడం" అంటాడు, చొక్కా మీద జిలేబీ పాకం మరక కనిపిస్తూనే ఉంటుంది. నేను దాన్ని చూస్తాను, నేను చూశానని అతనికీ తెలుస్తుంది, ఇద్దరం ఏమీ ఎరగనట్టు బరువు తూచుకుంటాం.

దీపావళికి ముందు చందీ పడవో అని ఒక పండగ వస్తుంది. ఆ రోజు సూరత్ ఊరు ఊరంతా ఘారీ తింటుంది. పైన నెయ్యి పేరుకున్న కోవా మిఠాయి అది. ఆ వారమంతా మా ఆసుపత్రిలో గుండె డాక్టర్ల బల్లల మీద డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఉండేవి. నా బల్ల మీద ఒక్కటీ ఉండేది కాదు. ఇస్తే తిడతానని వాళ్ళ భయం. నాకు ఘారీ ప్రాణమని ఎవరూ కనుక్కోలేదు.

వాళ్ళు ఒక్క గంటలో మనిషిని బతికిస్తారు, ఇంటిల్లిపాదీ కళ్ళారా చూస్తారు. మేం ఏళ్ళ తరబడి వెంటపడి, బతిమాలి, తిట్టి, కన్ను పోకుండా, కాలు తీసేయకుండా కాపాడతాం. పోకుండా మిగిలిన కన్ను గురించి ఎవరైనా దండం పెట్టారా? ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు ఇది ముందే తెలుసుకుని రండి. పొగడ్త కావాలంటే వేరే విభాగం చూసుకోండి.

మధ్యలో గోడ

నన్ను ఈ పనిలో పెట్టింది దేశాయి సాహెబ్ అనే పెద్ద ఫిజీషియన్. కోపిష్టి. నేను రిపోర్టులు పట్టుకుని గుక్కతిప్పుకోకుండా అంకెలు చదువుతుంటే వినేవారు కాదు. కుర్చీలోంచి కిందికి వంగి రోగి మేజోళ్ళు లాగేసి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలు గట్టిగా నొక్కి తీసేవారు. అక్కడ గుంట పడితే, "ఇప్పుడు చదువు వసుంధరాబెన్, నీ అంకెలు" అనేవారు, ఇక్కడ బెన్ అంటే అక్క. ఆయన వేలికి తెలిసింది నా కాగితానికి ఎందుకు తెలియలేదని నాకు ఒళ్ళు మండేది. ఆయన మీద ఈర్ష్యే నా మొదటి ఈర్ష్య అనుకుంటాను.

ఆయన ఉన్నంతకాలం షుగరూ గుండే ఒకే గదిలో చూసేవాళ్ళం. తర్వాత ఆసుపత్రి పెరిగింది, గుండె విభాగం వేరే కట్టారు. కారిడారుకు ఇటు మేము, అటు వాళ్ళు. ప్రారంభోత్సవం రోజు అందరూ రిబ్బన్ దగ్గర నవ్వుతూ నిలబడితే సాహెబ్ మాత్రం మొహం ముడుచుకున్నారు. "మనిషిని అడ్డంగా కోసి మధ్యలో గోడ కట్టారు బెన్" అన్నారు. ముసలాయన సణుగుడు అనుకున్నాం. ఆయన అన్నది నిజం.

షుగర్ చాలాకాలం ఉన్న మనిషిలో గుండెకు రక్తం తెచ్చే పెద్ద నాళాలు పూడుకుపోవచ్చని అందరికీ తెలుసు. అవేమీ పూడకుండా కూడా గుండె దెబ్బతింటుందని తెలిసినవాళ్ళు తక్కువ. కంటికి ఆనని సన్న నాళాలు పాడవుతాయి, గుండె కండరం బిరుసెక్కుతుంది. పిండడం బాగానే పిండుతుంది, సాగడం చేతకాదు. సాగకపోతే సరిగ్గా నిండదు. అప్పుడు ఒత్తిడి వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి, కాళ్ళలోకి నీరు దిగుతుంది. దీన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటాం. ఆ పేరు పెట్టినవాళ్ళని అనాలి, వినగానే జనం గుండె ఆగిపోయిందనుకుని ఏడుపు మొదలుపెడతారు. ఆగలేదు, చెయ్యాల్సిన పని చెయ్యలేకపోతోంది, అంతే. నొప్పి ఉండకపోవచ్చు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం, సాయంత్రానికి కాళ్ళ వాపు, ఏ పనీ చెయ్యకపోయినా అలసట. ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటు కూడా ఉంది. గుండె నీరసపడితే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యక షుగర్ మొండికేస్తుంది. రెండు జబ్బులూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి. మేం మాత్రం కారిడారుకు చెరో పక్క కూర్చున్నాం.

రాజమల్లు

అటు పక్క గదిలోకి గుండె డాక్టరుగా రాజమల్లు వచ్చాడు. నాకంటే చాలా చిన్నవాడు. వాళ్ళ నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఈ ఊళ్ళోనే గోడాదరా పేటలో సాంచెలు నడిపినవాడు. మరమగ్గాన్ని అక్కడివాళ్ళు సాంచె అంటారు. రాజమల్లు పుట్టిందీ పెరిగిందీ ఆ చప్పుడులోనే. ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, బడిలో గుజరాతీ, మూడూ ఒక్క వాక్యంలో పెట్టి మాట్లాడతాడు. "కాకా, టెన్షన్ నై లేనా. బధూ సారు థై జసే. జర ఊపిరి గట్టిగ గుంజు" అంటాడు. అంతా బాగైపోతుంది అని గుజరాతీలో చెప్పడమన్నమాట. ఆ కాకా అప్పటికే సగం బాగైపోయినట్టు మొహం పెడతాడు.

నాది రాజమండ్రి. పెళ్ళయి, మావారి ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చాను. గోడాదరా నుంచి, ఖటోదరా మిల్లుల నుంచి వచ్చే మన మగ్గం పనివాళ్ళను రాజమల్లు నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ చూస్తున్నాను. అయినా వాళ్ళకు నేను "ఆంధ్ర మేడం"నే. "మీ మాటలు రేడియోల వార్తల లెక్క ఉంటయ్ మేడం" అని నవ్వేవాళ్ళు. రాజమల్లు వచ్చిన నెలకే అందరి నోటా "మనోడు". నాకు ఇన్నేళ్ళలో రాని పేరు!

పైగా అతను రోగిని గదిలోకి పిలిచి చూసే రకం కాదు. కారిడార్లో నడుస్తూ నా బెంచీ మీద కూర్చున్నవాళ్ళనూ పలకరిస్తాడు. ఏ ఊరు కాకా, ఏ కార్ఖానా, సేఠ్ మంచోడేనా అని అడుగుతూ భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ బెంచీ నాది. లోపల నుంచి చూస్తూ కలం గట్టిగా నొక్కేదాన్ని, కాగితం చిరిగేది. మా నర్సు ఇంకో కాగితం ఇచ్చేది.

దమ్ము

సత్తయ్య నా రోగి. ఆ "నా" అన్నమాట గట్టిగానే అంటున్నాను. జగిత్యాల దగ్గరి పల్లె. భార్య లచ్చవ్వ ఊళ్ళో బీడీలు చుడుతుంది, అతను గోడాదరాలో పదిమందితో కలిసి ఒక గదిలో ఉంటూ సాంచెలు నడుపుతాడు. షుగర్ మొదటిసారి కనిపెట్టింది నేను. అన్నం తగ్గించమంటే తగ్గించాడు. మాత్రలు ఒక్క పూట మానడు. మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే ఎంత చక్కటి అంకె వచ్చేదంటే, జూనియర్లకు చూపించేదాన్ని. పిల్లలు లేని నాకు అది ప్రోగ్రెస్ రిపోర్టులా ఉండేది.

అతనికి మిగతావాటితో పాటు పయోగ్లిటజోన్ అనే మాత్ర ఇచ్చాను. చవక, షుగర్ బాగా దించుతుంది. దానికో గుణం ఉంది, ఒంట్లో నీరు నిలవబెడుతుంది. గుండె బాగున్నవాళ్ళు చాలామంది తట్టుకుంటారు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాడికి ఇవ్వకూడదు. నేను మొదలుపెట్టినప్పుడు సత్తయ్యకు ఆ జబ్బు లేదు. అందుకని క్షమాపణలేమీ చెప్పను. ఆ రోజుల్లో, ఆ మనిషికి, ఆ మందు సరైనదే.

ఒక ఎండాకాలం సత్తయ్య వచ్చి, "మేడం, ఈ నడుమ దమ్ము ఎక్కువైంది" అన్నాడు.

ఈ మాట మీరు జాగ్రత్తగా వినాలి. మా గోదావరి వైపు దమ్ము లాగడమంటే చుట్టో బీడీయో కాల్చడం. వాళ్ళకు దమ్మంటే ఆయాసమని నాకు తెలీక కాదు. కానీ అతని చొక్కా నిండా బీడీ వాసన. "రోజుకు ఎన్ని కాలుస్తున్నావు?" అని తగులుకున్నాను. సత్తయ్య తల దించుకుని, "తక్వ చేస్త మేడం" అని వెళ్ళిపోయాడు. పాపం, నిజంగానే తగ్గించాడు.

అక్కడితో ఆగలేదు. గోడాదరాలో వీధి చివర ఒక గుజరాతీ డాక్టరు ఉన్నాడు. అతని దగ్గర కూడా ఇదే మాట చెప్పాడు. గుజరాతీలో దమ్ అంటే ఉబ్బసం. మగ్గం పనివాడు, మగ్గాల దుమ్ము, దమ్ అంటున్నాడు, ఇంకేం కావాలి? నోట్లో పెట్టుకుని పీల్చే పంపు రాసిచ్చాడు. ఒక్క మాటకు మూడు అర్థాలు. ఒక చోట తిట్లు, ఒక చోట పంపు. దమ్ము మాత్రం అలాగే ఉంది.

తర్వాతిసారి నేను పుస్తకంలో ఉన్న ప్రశ్న కూడా అడిగాను, అడగలేదనుకోకండి. పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్ళు తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుంటారని మనందరం చదువుకున్నాం కదా.

"ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటావు సత్తయ్యా?"

"ఒక్కటే మేడం."

మంచిది అనుకున్నాను. కాళ్ళు కొంచెం వాచాయి. "రోజంతా నిలవడుడే గద మేడం" అన్నాడు. అది కూడా నిజమే అనిపించింది. సాంచెల దగ్గర కుర్చీలుండవు.

ఫ్యాన్ కింద జాగ

ఇక్కడ నాకు బాగా మండిన సంగతి చెబుతాను. నేను చూసి పంపాక ఆ రోజు సత్తయ్య బయట నా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నా గది తలుపు తెరిచే ఉంది. రాజమల్లు అటుగా వస్తూ ఆగాడు. ఇంక మొదలవుతుంది భుజం మీద చెయ్యి, అనుకున్నాను.

"ఏంది కాకా, మొకం గట్ల గుంజుకపోయింది? నిద్ర వోతలేవా?"

"యాడ నిద్ర సారు. దమ్ము."

"రూంల ఎక్కడ పండుతవ్?"

"మొన్నటిదాంక ఫ్యాన్ కిందనే ఉండె నా జాగ. ఇప్పుడు గోడకు పోయిన."

"ఫ్యాన్ కింద జాగ ఇడిచిపెట్టినవా?" రాజమల్లు గొంతు మారింది. "ఎవడన్న గుంజుకున్నడా?"

"లేదు, నేనే ఇచ్చేసిన. ఎల్లెలుకల పండుకుంటే దమ్ము లేస్తది. గోడకు ఒరిగి కూసుంటే జర నిద్ర వడ్తది." ఎల్లెలుకల అంటే వెల్లకిలా.

సూరత్ ఎండాకాలంలో పదిమంది పడుకునే గదిలో ఒకటే ఫ్యాన్ ఉంటుంది. దాని కింద చోటు పాతకాపుది. దానికోసం అన్నతో తమ్ముడు మాట్లాడడం మానేసిన గదులున్నాయి. ఆ చోటు ఎవడూ ఊరికే వదలడు. అది రాజమల్లుకు పుస్తకం చెప్పలేదు, అలాంటి గదిలో పెరిగాడు కాబట్టి తెలుసు. నా దిండ్ల ప్రశ్న దిండ్లు ఉన్నవాళ్ళ కోసం రాసింది. ఆ గదిలో మనిషికి ఒక్క దిండే ఉంటుంది, ఇంకోటి కావాలంటే పక్కవాడిది లాక్కోవాలి.

రాజమల్లు అక్కడే కారిడార్లో మోకాళ్ళ మీద కూర్చుని సత్తయ్య కాలు మీద వేలు నొక్కాడు. గుంట పడింది. తర్వాత లేచి నా గుమ్మంలోకి వచ్చి, "మేడం, మీ పేషెంటుకు ఒక ఎకో తీపిద్దాం, మీరు ఒప్పుకుంటే" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడో! ఆ మర్యాద మీద కూడా నాకు ఈర్ష్యే. మొరటుగా అడిగి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

ఎకో తీశారు, గుండెను తెర మీద చూపే స్కాన్ అది. పిండడం బాగానే ఉంది, సాగడం లేదు. గుండె మీద ఒత్తిడి చూపే రక్తపరీక్షలో అంకె పెరిగి ఉంది. బిరుసెక్కిన గుండె. నా చక్కటి షుగర్ అంకె వెనక అది ఎప్పటి నుంచో పెరుగుతూ వచ్చింది. అంకె బాగుంటే గుండె భద్రమని నేను మనసులో ఎక్కడో అనుకున్నాను. మీరు అనుకోకండి. అంకె బాగుండడం అవసరమే, అది చాలదు.

పెరగనీ

రాజమల్లు నా పయోగ్లిటజోన్ ఆపేసి, నీరు దించే మాత్ర, దాంతో పాటు ఒక కొత్త మాత్ర రాశాడు. ఆ కొత్త మాత్ర ఒంట్లో మిగులు షుగర్‌ను మూత్రంలోకి పంపేస్తుంది, దాని వెంట కొంత ఉప్పు, నీరు కూడా పోతాయి. షుగర్ కోసం పుట్టిన మందు గుండెను కూడా ఆదుకుంటుంది. ఇదుగో, పిల్లలూ, మీ మీద నా ఈర్ష్య ఇక్కడ. మేం షుగర్ దించడానికి ఇచ్చిన మందు గుండెకు ఏం చేస్తుందో అని బిక్కుబిక్కుమంటూ ఉండేవాళ్ళం. మీకు రెంటికీ కలిపి ఒక మాత్ర, అది కూడా ఇప్పుడు వీధి మందుల షాపులో అందే ధరకు. నా మంచి ఏళ్ళలో ఇది ఎందుకు రాలేదు?

సరే, సత్తయ్య. అతను కొత్త మాత్రలు తెచ్చుకున్నాడు, నాదీ మానలేదు. "మేడం గోలి"ని ఎప్పుడూ కొనే మందుల దుకాణంలోనే కొనుక్కుని రెండూ వేసుకుంటున్నాడు. కొన్ని వారాలకు కార్ఖానాలో ఊపిరందక కూలబడితే తోటివాళ్ళు ఆటోలో తెచ్చి పడేశారు. ఊరి నుంచి లచ్చవ్వ రైలెక్కి వచ్చింది. రెండో రోజుకు గానీ అతని చొక్కా జేబులో నా మాత్రల పట్టీ బయటపడలేదు.

రాజమల్లు నా గదికి వచ్చాడు. వెనకే లచ్చవ్వ, కొంగు నోట్లో కుక్కుకుని.

"మేడం, ఆ గోలి ఇడువుమంటే కాకా ఇంటలేడు. డిశ్చార్జ్ చేస్తే మళ్ళీ ఏస్కుంటడు. ఇంకోసారి గిట్ల వస్తే నేను గ్యారంటీ ఇయ్యలేను. మీరు చెప్తెనే ఇంటడు."

లచ్చవ్వ అంది, "మీ మాట తప్ప ఎవ్వల్ది ఇనడమ్మా. మేడం గోలితోనే నేను ఇన్నేండ్లు బతికిన అంటుండు."

నేను దాచను. ఆ మాట వినగానే నా కడుపుమంట ఒక్కసారిగా చల్లారింది. ఇంతకాలం ఎదురుచూసిన మాట అది. భుజం మీద చెయ్యి వేసి కాకా అంటే మాత్రం, మనోడైతే మాత్రం, మాట వినేది నాదేనన్నమాట! కుర్చీలోంచి లేస్తూ చీర కుచ్చిళ్ళు కూడా సర్దుకున్నాను, పేరంటానికి వెళ్తున్నట్టు.

వార్డులోకి వెళ్ళేసరికి ఆ సంబరం చచ్చింది. సత్తయ్య మంచం అంచున కాళ్ళు వేలాడేసి, రెండు చేతులూ మోకాళ్ళ మీద మోపి కూర్చున్నాడు. మెడలో నరం ఎగిరెగిరి పడుతోంది. నన్ను చూసి నవ్వబోయాడు, నవ్వడానికి గాలి చాలలేదు.

"సత్తయ్యా, నేనిచ్చిన ఆ మాత్ర మానెయ్."

"గది... నువ్విచ్చిందే... గద మేడం."

"నేనే ఇచ్చాను. ఇప్పుడు నేనే తీసేస్తున్నాను. అది నీ ఒంట్లో నీరు ఆపుతోంది. నీ గుండె ఆ నీటిని మొయ్యలేకపోతోంది."

"మరి షుగర్... పెరిగితే?"

ఇన్నేళ్ళలో ఎంతమందిని తిట్టానో, ఎన్ని పండగలు పాడుచేశానో ఆ ఒక్క అంకె కోసం. అంకె కొంచెం కదిలితే నిద్రపట్టని మనిషిని. "పెరగనీ" అన్నాను. "కొంచెం పెరిగితే పెరగనీ. తర్వాత చూసుకుందాం."

సత్తయ్య నావైపు వింతగా చూశాడు. "నువ్వేనా... గీ మాట అనేది?" ఆయాసం ఆపుకుని మళ్ళీ అడిగాడు. "ఈ సారు... అనుమంటే అంటున్నవా? నీ మనసుల నుంచి... అంటున్నవా?"

రాజమల్లు మంచం కాళ్ళ దగ్గరే నిలబడి ఉన్నాడు. బయటికి పోవచ్చు కదా, పోలేదు. లచ్చవ్వ నా మొహంలోకే చూస్తోంది.

"ఆ సారు చెప్పింది నిజం" అన్నాను.

ఆక్సిజన్ బుసబుసమంటోంది. సత్తయ్య చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇనవడలే మేడం. జర గట్టిగ చెప్పు."

వార్డంతా వినేలా చెప్పాను. "రాజమల్లు సారు చెప్పింది నిజం. ఈ విషయంలో నాకంటే ఆయనకు బాగా తెలుసు. ఆయన చెప్పినట్టు విను." పక్క మంచం మీది ముసలాయన కూడా తలాడించాడు.

సత్తయ్య "సరే" అన్నాడు. సత్తయ్య చొక్కా జేబులో దొరికిన పట్టీని లచ్చవ్వ నా చేతిలో పెట్టింది. రాజమల్లుకు కాదు, నాకు. అదొక్కటే నాకు దక్కింది.

మీకు పనికొచ్చేది

తర్వాత నేను చేసిన పని ఒకటే. ప్రతి బుధవారం నా బెంచీ, రాజమల్లు బెంచీ కలిపేశాం. షుగర్ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళందరి కాళ్ళు, బరువు, ఆయాసం ఇద్దరం ఒకేచోట చూసేవాళ్ళం. అనుమానం ఉంటే అదే రోజు ఎకో. దానికోసం మేనేజ్‌మెంటుతో పోట్లాడింది నేను, పేపర్లో ఫోటో వచ్చింది రాజమల్లుది. ఫోటోలో బాగానే ఉన్నాడు.

మీరు కూడా రోగి మాటను మీ భాషలోకి మార్చుకోకముందు, ఆ మాట అతని ఇంట్లో ఏమిటో కనుక్కోండి. దమ్మంటే ఏ దమ్ము? పడక ఎక్కడ? ఎందుకు మారింది? బరువు రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ కొత్త మాత్ర ఇచ్చినప్పుడు వాంతులూ విరేచనాలూ అయినా, కఠిన ఉపవాసం ఉన్నా కొన్నాళ్ళు ఆపాలని చెప్పండి. మర్మాంగాల దగ్గర దురద వస్తుందని కూడా చెప్పండి, మగ్గం పనివాళ్ళు సిగ్గుపడి చెప్పరు, మందు మానేసి కూర్చుంటారు. అన్నిటికంటే ముఖ్యం, రోగి మిమ్మల్ని మరీ నమ్మితే సంతోషపడి ఊరుకోకండి. ఆ నమ్మకంతో అతనేం మింగుతున్నాడో జేబులు వెతికి చూడండి.

మిమ్మల్ని మించినవాడు పక్క గదిలో ఉంటే ఏం చెయ్యాలని అడగకండి. నాకు తెలీదు. నేను పళ్ళు కొరుక్కుంటూనే అతని దగ్గరికి రోగులను పంపాను. మనసు పెద్దది చేసుకున్నాక పంపుదామనుకుంటే ఈపాటికి కొందరు పోయేవాళ్ళు.

చివరి రోజు

నా ఆఖరి క్లినిక్ రోజు మధ్యాహ్నం సత్తయ్య వచ్చాడు. ఇప్పుడు పగటి పాలీ, అంటే పగటి షిఫ్టు మాత్రమే చేస్తున్నాడు, సేఠ్‌తో మాట్లాడి కూర్చుని బాబిన్లు చుట్టే పనికి మారాడు. లిఫ్టు పాడైంది. మెట్లెక్కి వచ్చాడు. వచ్చి ఆగకుండా మాట్లాడాడు, వాక్యం మధ్యలో ఎక్కడా గాలి పీల్చుకోలేదు.

"రాజమల్లు సారు కాడికి పోయొస్తున్న మేడం. మీ గురించి శాన మంచిగ చెప్పిండు. షుగర్‌కు సూరత్‌ల గంత మంచి డాక్టర్ లేదు, ఇయ్యాల ఆఖరి రోజు, ఒక్కసారి వోయి చూపించుకో అన్నడు."

నా దగ్గరికి, నా రోగిని, సిఫార్సు చేసి పంపాడు! సత్తయ్య ఆ కబురు మోసుకొచ్చి, నేను సంతోషిస్తానని నావైపే చూస్తూ నిలబడ్డాడు.

"కూర్చో" అన్నాను. చొక్కా పైకెత్తమని వీపు మీద స్టెతస్కోప్ పెట్టాను. కింద కుడివైపు, కింద ఎడమవైపు, నీరుంటే చప్పుడు మొదట వినిపించేది అక్కడే. ఊపిరి పీల్చమన్నాను, వదలమన్నాను. మళ్ళీ పీల్చమన్నాను. అవసరమైనదానికంటే చాలా ఎక్కువసేపు విన్నాను. రాజమల్లు చెవికి అందనిది నాకైనా ఎక్కడో ఒకచోట, ఒక్క చిన్న చిటపట దొరక్కపోతుందా అని వెతికాను.

"ఏమన్న ఉన్నదా మేడం?"

దొరకలేదు. రెండు వైపులా గాలి హాయిగా, శుభ్రంగా వచ్చిపోతోంది.

"ఏమీ లేదు సత్తయ్యా" అన్నాను. అంత మంచి మాటను కూడా తిట్టినట్టే అన్నాను.